కొత్త చెక్క ఫ్లోరింగ్ వేసిన గదిలో కళ్ళ మంట

ప్రశ్న (అమలాపురం):
మేడమీద గదికి మూడు వారాల క్రితం లామినేట్ ఫ్లోరింగ్ వేయించాము. రాత్రి తలుపులు మూసి ఏసీ వేసుకుంటే తెల్లవారేసరికి నా భార్యకు కళ్ళు మండుతున్నాయి, నాలుగేళ్ళ పాపకు పొడిదగ్గు వస్తోంది. కిందికి దిగి వసారాలో కాసేపు కూర్చుంటే ఇద్దరికీ తగ్గిపోతోంది. అమ్మినవారు ఇది కొత్త చెక్క వాసనేనని, నెలలో పోతుందని చెబుతున్నారు. నమ్మవచ్చా?

జవాబు (రాజమహేంద్రవరం, రసాయనశాస్త్ర అధ్యాపకుడు):
ముందు పాపను వేరే గదిలో పడుకోబెట్టండి. అప్పటికీ దగ్గు తగ్గకపోతే వైద్యునికి చూపించండి. లామినేట్ పలకలో పైకి చెక్కలా కనిపించేది అచ్చువేసిన కాగితం, లోపలిది చెక్కపీచును జిగురుతో కలిపి వేడిగా నొక్కిన హెచ్‌డీఎఫ్. ఆ జిగురు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్. వేడీ తేమా కలిసినప్పుడు అది కొద్దికొద్దిగా విడిపోతూ కళ్ళనూ గొంతునూ మండించే ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది, గోదావరి పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న కోనసీమలో ఆ రెండింటికీ కొరత లేదు. పైగా మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఇంటి గాలిలో ఈ వాయువు అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. ఇది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

జవాబు (భీమవరం, ఇంటీరియర్ పని చేస్తాను):
అమ్మినవారి మాటలో సగమే నిజం. స్కిర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) అతికించిన రబ్బరు జిగురు ఘాటు కొన్ని వారాల్లో పోతుంది, పలకల్లోంచి వచ్చేది నెలల తరబడి ఉంటుంది. అట్టపెట్టె మీద ఇ1 అని ఉందేమో చూడండి. తక్కువ వాయువు వదిలే రకానికి ఆ గుర్తు వేస్తారు. అయితే లామినేట్ పైపొర వాయువును చాలావరకు ఆపుతుంది కనుక నాకు నేలకన్నా వేరేదాని మీదే అనుమానంగా ఉంది. అదే గదిలో కొత్త బీరువాలు గానీ చేయించారా?

ప్రశ్న అడిగినవారు:
చేయించామండీ, గోడ పొడవునా ఎండీఎఫ్ (ఇదీ చెక్కపీచును జిగురుతో నొక్కిన పలకే) బీరువాలు. మీ మాట చదివి వెళ్ళి తలుపు తీయగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలి అరల అడుగున పూత ఏమీ లేదు, గోరుతో గీస్తే గోధుమరంగు పొట్టు రాలింది.

జవాబు (భీమవరం):
అసలు మూలం అదే అయి ఉంటుంది. బట్టలన్నీ తీసివేసి, పూత లేని వైపులకు లామినేట్ అతికించి, కోసిన అంచులన్నిటికీ ఎడ్జ్ బ్యాండ్ (అంచును మూసే సన్నని పట్టీ) వేయించండి. పని ముగిశాక కొన్నాళ్ళపాటు పగలంతా బీరువా తలుపులూ కిటికీలూ తెరిచి, ఎదురు గాలి ఆడేలా ఫ్యాను వేసి ఉంచండి. వాన పడే రోజుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి.