అత్తెసరు: కొలతా, కొరతా?

అక్షరాల సంచి
పేపర్లో "అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు", "అత్తెసరు మెజారిటీ", "అత్తెసరు జీతం" అని తరచూ చూస్తుంటాం. అన్నిచోట్లా బొటాబొటీ అనే అర్థమే. మాట మాత్రం వంటింటిది. "కోడలికి చాలీచాలకుండా అత్త పెట్టిన ఎసరు కాబట్టి అత్తెసరు" అని ఒక వ్యుత్పత్తి వాట్సాప్‌లో తిరుగుతోంది. అది నిలుస్తుందా? అసలు అత్తెసరు పెట్టడం అంటే నీళ్ళు తక్కువ పోయడమా, సరిపడా పోయడమా? వ్యాకరణం తెలిసినవాళ్ళూ వంట తెలిసినవాళ్ళూ ఇద్దరూ చెప్పాలి.

పాత నిఘంటువు
అత్తగారి ప్రమేయం లేదండీ. అత్తు + ఎసరు. అత్తు అంటే అంటుకొను, హత్తుకొను. ఉకారం మీద సంధి జరిగి అత్తెసరు అయింది. అత్త + ఎసరు అని విడదీసినా అకారసంధితో ఇదే రూపం వస్తుంది, ఆ కథ బతికి బట్టకట్టింది అందుకే. రూపాన్ని బట్టి తేలదు కాబట్టి అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి. గంజి వార్చే పని లేకుండా, పోసిన నీళ్ళన్నీ బియ్యమే పీల్చుకునేలా పెట్టిన ఎసరు అత్తెసరు. నీళ్ళు మెతుకుకి అత్తుకుపోతాయి, అడుగున మిగలవు. ఇందులో పిసినారితనం ఎక్కడుంది?

ఇంకో సంగతి. ఏరు–ఏటిలో, నోరు–నోటిలో లాగే ఎసరు–ఎసట్లో. "ఎసరులో బియ్యం పోయండి" అని ఈమధ్య వంటల వీడియోల్లో వినిపిస్తోంది. తప్పని పోట్లాడను గానీ, "నోరులో పెట్టుకోండి" అన్నట్టుంటుంది.

గిద్దసోల
వంట వైపు నుంచి నేను చెబుతాను. అత్తెసరు అంటే తక్కువ నీళ్ళు కాదు, లెక్క తప్పకూడని నీళ్ళు. వార్చే అన్నానికి గ్లాసు బియ్యానికి అయిదారు గ్లాసులు పోసినా పరవాలేదు, ఎక్కువైంది గంజిలో పోతుంది. అత్తెసరుకి ఆ వెసులుబాటు లేదు.

మూత పెట్టి గిన్నెలో వండే సోనామసూరికి లెక్క ఇది. పాత బియ్యమైతే గ్లాసుకి రెండుంపావు నుంచి రెండున్నర. కొత్త బియ్యమైతే ఒకటిముప్పావు, మహా అయితే రెండు. కొత్త బియ్యం గింజ మెత్తన, పిండి త్వరగా వదిలేస్తుంది, పాత బియ్యం లెక్కన పోస్తే చిమిడిపోతుంది. పాత గింజ గట్టిపడి ఉంటుంది కాబట్టి ఎక్కువ తాగుతుంది, తాగినా విడివిడిగానే ఉంటుంది. అరగంట నానబెట్టి వంపేసిన బియ్యానికి పావు గ్లాసు తగ్గించుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ: గ్లాసుకి రెండుంపావు అయితే నాలుగు గ్లాసులకి తొమ్మిది అనుకుంటారు. అన్నం ముద్దయిపోతుంది. ఎసట్లో రెండు వాటాలున్నాయి. బియ్యం తాగేది ఒకటి, ఆవిరైపోయేది ఒకటి. మొదటిది బియ్యంతో పాటు పెరుగుతుంది. రెండోది గిన్నె మూతి వెడల్పునీ, పొయ్యి మీద ఉన్న సేపునీ బట్టి ఉంటుంది, బియ్యం నాలుగింతలైతే అదీ నాలుగింతలు అవదు. అందుకని నాలుగు గ్లాసులకి ఏడున్నర, ఎనిమిది దగ్గర ఆగాలి. బియ్యం మీద వేలు ఆనించి మొదటి కణుపు దాకా నీళ్ళు చూసుకునే పాత పద్ధతి కొలగ్లాసు కన్నా నమ్మకంగా ఉండేది ఇందుకే. బియ్యం ఎంత పోసినా పైన నిలిచే నీరు ఒకే ఎత్తు. కాకపోతే అది బియ్యమూ నీళ్ళూ కలిపి పెట్టేటప్పుడు పనికొచ్చే కొలత, మరిగే ఎసట్లో వేలు పెట్టలేం కదా.

మంజీర ఒడ్డు
మా దిక్కు ఎసురు అనే అంటరు ఎక్కువ. "ఎసురు రాంగనే బియ్యం పొయ్యాలె." బగారన్నం కూడ అత్తెసరే గద, వార్చేది లేదు. గాని దాంట్ల నూనె, ఉల్లిగడ్డ ఏగినంక నీళ్ళు పోస్తం. నానిన బాస్మతికి ఒకటికి ఒకటిన్నర సాలు. మామూలు బియ్యం లెక్క రెండు పోస్తే మెత్తగయితది.

నాకొక అనుమానం. "వాని నౌకరికి ఎసరు పెట్టిండు" అంటే చెడగొట్టే పని మొదలుపెట్టిండు అని. అన్నం పెట్టే ఎసరుకు గింత చెడ్డపేరెట్ల వచ్చింది?

పాత నిఘంటువు
వరుస చూడండి. ముందు ఎసరు, తరవాత బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టారంటే ఏదో ఉడకబోతోందన్నమాట, ఇంకా ఉడకలేదు. ఆ జాతీయం కూడా అలాగే వాడతాం. ఉద్యోగం ఊడాక "ఎసరు పెట్టాడు" అంటే అతకదు, ఊడే ఏర్పాట్లు జరుగుతుండగానే అంటాం. ఉడకబోయేది మనమే అని తెలిసినవాడి బాధ అందులో ఉంది. ఇది నా వివరణ, శాసనం కాదు.

తోక్యో తెలుగు
వరుస అన్నారు కాబట్టి ఒక పోలిక. జపాన్‌లో అన్నానికి ఎసరు ముందు మరగదు. కడిగి అరగంట నానిన బియ్యాన్ని చన్నీళ్ళతోనే పొయ్యి మీద పెడతారు. అక్కడి పొట్టిగింజ బియ్యానికి గ్లాసుకి గ్లాసూ అయిదో వంతు నీళ్ళు చాలు. అంటే పూర్తిగా అత్తెసరే. దానికో పాత వంటింటి పలుకుంది: "హజిమే చోరోచోరో, నాకా పప్పా, అకాగో నాయ్‌తెమో ఫుతా తోరునా." మొదట సన్నగా, నడుమ భగభగ, పసిబిడ్డ ఏడ్చినా సరే మూత తియ్యకు. చోరోచోరో, పప్పా రెండూ మంట తీరుని పట్టి చూపే ధ్వన్యనుకరణలు.

సెగ ఆపాక మూత తియ్యకుండా పది, పదిహేను నిమిషాలు వదిలెయ్యడాన్ని "మురాసు" అంటారు. తెలుగులో దీనికి ఒక్క మాట ఉందా, ఆవిరి మీద వదిలెయ్యడం అని వివరించుకోవాల్సిందేనా?

గిద్దసోల
ఉంది కదండీ, ఉమ్మగిల్లడం. ఎండాకాలం గాలి లేనప్పుడు "ఉమ్మగా ఉంది" అంటామే, ఆ ఉమ్మే. అన్నం దించి మూత పెట్టి ఉంచితే తన ఆవిరిలో తాను మగ్గుతుంది. వంటల పుస్తకాల్లో "మూత పెట్టి పక్కన ఉంచండి" అని తేలిగ్గా రాసేస్తారు గానీ అత్తెసరు అన్నానికి సగం ప్రాణం అక్కడే ఉంది. సెగ ఆపిన వెంటనే అడుగున తడి ఎక్కువ, పైన తక్కువ. ఆ పది నిమిషాల్లో తడి సర్దుకుంటుంది. తొందరపడి తీస్తే పైన పలుకు, కింద ముద్ద.

ధ్వనులంటే మనకీ తక్కువ లేవు. అత్తెసరుని చెవితోనే వండవచ్చు. ఎసరు సలసల కాగినప్పుడు బియ్యం పొయ్యాలి. పోయగానే చప్పుడు ఆగిపోతుంది, ఎసరు చల్లబడిందన్నమాట. అప్పుడే గరిటెతో అడుగు నుంచి ఒక్కసారి కదపాలి, లేదా గింజలు అడుగున అతుక్కుంటాయి. మళ్ళీ కదపకూడదు. మూత ఓరగా పెట్టి పెద్ద సెగ మీద ఉంచితే కుతకుత ఉడుకుతుంది. ఏడెనిమిది నిమిషాలకి నీరు బియ్యం మట్టానికి దిగి, పైన అక్కడక్కడా చిన్న గుంటలు పడతాయి, వాటిలోంచి ఆవిరి బుసబుస వస్తుంది. అప్పుడు మూత బిగించి సన్నసెగకి తిప్పాలి. మరో ఎనిమిది, పది నిమిషాలు. లోపల చప్పుడు తడిగా ఉన్నంతసేపూ నీరు ఉన్నట్టే. చిటచిట అని పొడిచప్పుడు మొదలైతే ఇగిరిపోయింది, ఇంకో నిమిషం ఉంచితే అడుగంటుతుంది.

నీరంతా ఇగిరాక కూడా పలుకుగా ఉందా? రెండు మూడు చెంచాల మరిగే నీళ్ళు చిలకరించి మూత పెట్టి అయిదు నిమిషాలు సన్నసెగ. చన్నీళ్ళు చల్లితే ఉడుకు ఆగిపోయి పైపొర ఉబ్బుతుంది, లోపలి పలుకు అలాగే ఉంటుంది. ఉలటా, ఉడికిపోయి నీరు మిగిలిందా? మూత తీసి సన్నసెగ మీద ఉంచండి, కలపకండి. కలిపితే మెతుకు విరిగి పిండి వదిలి జావ అవుతుంది.

సీమ సంగటి
సంగటి సంగతి ఎవురూ ఎత్తలేదే! అరగ్లాసు బియ్యం, గ్లాసు రాగిపిండి, మూడున్నర గ్లాసుల నీళ్ళు. బియ్యం బాగా మెత్తగా ఉడికినంక, నీళ్ళు ఇంకా పైన తేలాడతా ఉండంగానే పిండిని మధ్యలో గుట్టగా పొయ్యల్ల. కలపగూడదు. పిండి గుట్టలో తెడ్డు కాడతో ఒకటి రెండు బొక్కలు పెట్టి, మూత పెట్టి, సన్నమంట మీద పది నిమిషాలు. బొక్కల్లోంచి ఎసరు పైకి పొంగి పిండిని లోపలినించి ఉడికిస్తది. అప్పుడు దించి, గిన్నెను గట్టిగా పట్టుకోని తెడ్డుతో ఎనపల్ల. ముందే కలిపితే ఉండలు గడతాయి, ఉండ లోపల పచ్చిపిండి ఉంటది. తడిచేతికి అంటుకోకపోతే ఉడికినట్టు. ఇంకా అంటుకుంటే ఇంకాసేపు మూత పెట్టల్ల.

ఇదీ వార్చేది గాదు. మరి దీన్ని అత్తెసరు అంటారా?

పాత నిఘంటువు
అనరు. ఆ మాట అన్నానికే స్థిరపడింది. సంగటికి వార్చే పద్ధతే లేదు కాబట్టి, వార్చనిది అని ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరమూ లేదు.

వార్చడం అన్నది కూడా మంచి క్రియ. వారు అంటే కిందికి జారు, వార్చు దాని ప్రేరణ రూపం. కన్నీరు వార్చడం, సంధ్య వార్చడం, గంజి వార్చడం, మూడింట్లోనూ అదే క్రియ. ఇంట్లో సంధ్య వార్చేవారూ గంజి వార్చేవారూ వేరువేరు మనుషులు, అది వేరే చర్చ.

బాణలి
వార్చేవాళ్ళకి ఒక ముక్క. మెతుకుని రెండు వేళ్ళ మధ్య నలిపితే లోపల ఆవగింజలో సగమంత తెల్లచుక్క మిగిలి ఉండాలి, అప్పుడు సిబ్బి పెట్టి వార్చాలి. పూర్తిగా ఉడికాక వారిస్తే గంజి చిక్కబడి మెతుకులని వదలదు. వార్చాక గిన్నెని మళ్ళీ సన్నసెగ మీద అయిదు నిమిషాలు మగ్గనిస్తే ఆ చుక్క కూడా ఉడికిపోతుంది. గంజి పారబోస్తే దానితో పాటు కొంత బి విటమిన్ కూడా పోతుంది, ఉప్పేసుకుని తాగే అలవాటు ఉత్తదేం కాదు.

ఇరాన్ వంటలో ఈ రెండు దారులకీ రెండు పేర్లున్నాయి. నీళ్ళన్నీ ఇగర్చి వండితే కతే, కాస్పియన్ తీరంలో గిలాన్, మాజందరాన్ వైపు రోజువారీ అన్నం అది. ఉప్పునీళ్ళలో నానబెట్టి, పలుకు మీద వార్చి, మళ్ళీ ఆవిరి మీద పెడితే చెలో. చెలోకి గిన్నె అడుగున నూనో వెన్నో వేసి, వార్చిన అన్నం గుట్టగా పోసి, మూతకి గుడ్డ చుట్టి సన్నసెగ మీద ముప్పావుగంట ఉంచుతారు. గుడ్డ దేనికంటే, మూతకి పట్టిన ఆవిరి నీటిబొట్లయి అన్నం మీద పడకుండా. అడుగున బంగారు రంగులో కరకరలాడే పొర కడుతుంది, దాని పేరు తహ్‌దీగ్. తహ్ అంటే అడుగు, దీగ్ అంటే గిన్నె. మనం అడుగంటిందని తిట్టుకునేదాన్ని వాళ్ళు పంతం పట్టి పంచుకుంటారు. పెళ్ళివంటల్లో మనం వాడే డేగిసా కూడా ఆ దీగ్ కుటుంబానిదే, ఉర్దూ మీదుగా వచ్చింది. దమ్ బిర్యానీలో దమ్ కూడా పారసీకమే.

అక్షరాల సంచి
బావుంది. అయితే పత్రికల వాడుక తప్పన్నమాటేనా? సరిపడా అనే మాటని బొటాబొటీకి దించేశారు కదా.

పాత నిఘంటువు
తప్పని అనలేను. వార్చే అన్నంలో గంజి మిగులుతుంది, అత్తెసరులో మిగులు ఉండదు. సరిపడా, మిగులు లేకుండా, బొటాబొటీ: మెట్టు మీద మెట్టుగా దిగిన అర్థం. ముప్పై అయిదు కావలసినచోట ముప్పై అయిదే వస్తే అవి నిఖార్సయిన అత్తెసరు మార్కులు. ఇరవై వచ్చి తప్పినవాడివి మాత్రం కావు. అలాగే లోటు వర్షానికి "అత్తెసరు వర్షం" అని రాస్తే ఒప్పుకోను. పంట గట్టెక్కేంత పడి ఆగిపోతేనే అది అత్తెసరు. మిగులు లేకపోవడం వేరు, కొరత వేరు.

మంజీర ఒడ్డు
మరి కుక్కర్ అన్నం?

గిద్దసోల
ప్రెషర్ కుక్కర్‌లో నేరుగా వండినా, గిన్నె దించి వండినా అత్తెసరే. ఆవిరి వాటా బాగా తగ్గుతుంది కాబట్టి గ్లాసుకి రెండు గ్లాసులు చాలు, కొత్త బియ్యానికి ఇంకాస్త తక్కువ. గిన్నె దించేటప్పుడు అడుగున పోసే నీళ్ళు మాత్రం ఎసరు కాదు, అవి బియ్యాన్ని తాకవు.

కరెంటు కుక్కరైతే ఈ పద్ధతినే యంత్రంలో పెట్టారు. గిన్నెలో నీరున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. నీరంతా బియ్యానికి అత్తుకుపోగానే వేడి పైకెక్కుతుంది, మీట టక్కున పడుతుంది. తొషిబా 1955లో అమ్మకానికి పెట్టిన మొదటి కుక్కర్‌లో రెండు గిన్నెలుండేవి. బయటి గిన్నెలో పోసిన నీళ్ళు ఇగిరిపోగానే కరెంటు ఆగేది.

తోక్యో తెలుగు
మీట పడగానే మూత తీసేవాళ్ళకి ఇక్కడా కొదవ లేదు గిద్దసోల గారూ.

గిద్దసోల
మీట పడిందంటే నీరు ఇగిరిందని, అన్నం అయిందని కాదు. ఇంకో పది నిమిషాలు ఆగి, అట్లకాడని అంచు వెంట దింపి, అడుగు నుంచి పైకి మెల్లగా తిరగేసి, అప్పుడు వడ్డించండి.