ఆరేళ్ల పాపకు రూబీ బ్రిడ్జెస్ కథ ఎంతవరకు చెప్పవచ్చు?

ప్రశ్న:
మేము డల్లాస్‌లో ఉంటాం. ఒకటో తరగతి చదువుతున్న మా అమ్మాయి లైబ్రరీ నుంచి రూబీ బ్రిడ్జెస్ జీవితకథను బొమ్మల పుస్తకంగా తెచ్చుకుంది. 1960 నవంబరు 14న న్యూ ఆర్లియన్స్‌లోని అప్పటిదాకా తెల్లజాతి పిల్లలకే పరిమితమైన విలియం ఫ్రాంట్జ్ బడికి, అరుస్తున్న గుంపును దాటుకుంటూ ఫెడరల్ మార్షళ్ల (కేంద్ర ప్రభుత్వ భద్రతాధికారుల) నడుమ నడిచి వెళ్లిన ఆ నల్లజాతి పిల్లదీ తన వయసే కావడంతో, అంతమంది ఎందుకు అరుస్తున్నారని, రూబీ ఏం తప్పు చేసిందని పదేపదే అడుగుతోంది. పాపను భయపెట్టకుండా, అలాగని అబద్ధమూ చెప్పకుండా ఎలా వివరించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1:
రూబీ ఏ తప్పూ చేయలేదని, నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లలతో కలిసి చదవకూడదన్న కట్టుబాటే తప్పని సూటిగా చెప్పండి. అటువంటి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు ఇచ్చినా, న్యూ ఆర్లియన్స్‌లో ఆరేళ్లపాటు అది అమలు కాలేదు. గుంపు బొమ్మ దగ్గర కంటే తరగతి గది బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగండి. తెల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించడంతో, బోస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ టీచరు ఆ ఏడాదంతా రూబీ ఒక్కదానికే పాఠాలు చెప్పారు. ఖాళీ బెంచీల మధ్య ఒంటరిగా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆరేళ్ల పిల్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. గుంపులోని వాళ్లు చిన్న శవపేటికలో నల్లని బొమ్మను పెట్టి చూపించిన సంగతి మాత్రం, నా ఉద్దేశంలో, మరికొన్నేళ్లు ఆగవచ్చు. ఆమెను ఆ బడికి పంపినందుకు రూబీ తండ్రి ఉద్యోగం పోయిన విషయం దాచకండి.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చుతాను. ఇలాంటి పుస్తకాలు చాలావరకు చరిత్రను ఒక్క మనిషి ధైర్యంగా కుదించేస్తాయి. 1955లో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ అలసిపోయి బస్సులో తెల్లజాతి ప్రయాణికుడికి సీటు వదలలేదని రాస్తారే గాని, ఆమె అప్పటికే నల్లజాతి హక్కుల ఉద్యమ సంఘంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న కార్యకర్త అని, ఆ ఘటన జరిగిన మాంట్‌గోమరీ నగరంలోనే తొమ్మిది నెలల ముందు 15 ఏళ్ల క్లాడెట్ కోల్విన్ కూడా సీటు వదలక అరెస్టయిందని చెప్పరు. రోజా అరెస్టయ్యాక, బస్సులు ఎక్కవద్దని పిలుపునిస్తూ రాత్రికి రాత్రి వేల కరపత్రాలు సైక్లోస్టైల్ చేసిన జో ఆన్ రాబిన్సన్ బృందం, 381 రోజులు బస్సెక్కకుండా పనులకు నడిచి వెళ్లిన జనం బొమ్మల్లో కనిపించే పుస్తకాన్ని ఎంచుకోండి.

జవాబు 3:
నలుపు తెలుపు ఫొటోలు చూసి పిల్లలు ఇదంతా రాజుల కాలం నాటిదనుకుంటారు. రూబీ పుట్టింది 1954లో. బహుశా మీ పాప అమ్మమ్మదీ ఇంచుమించు అదే వయసై ఉంటుంది. రూబీ పెద్దయ్యాక బడులకు వెళ్లి పిల్లలతో మాట్లాడుతూ వచ్చారని కూడా చెప్పండి. కథ చివర ఆమె క్షేమంగా ఉందని తెలిస్తే మీ పాప భయం చాలావరకు తగ్గుతుంది.