ఒకే పేజీలో రెండు రేట్ల బోర్డులు: జావాస్క్రిప్ట్‌లో క్లాసా, ఫంక్షనా?

బరంపురం_బుల్లోడు: మా బావగారి కొట్టుకి ఒకే స్క్రీన్ మీద రెండు రేట్ల బోర్డులు కావాలి, ఎడమ పక్క ఒడియా, కుడి పక్క తెలుగు. బోర్డు మాడ్యూల్‌లో (విడిగా పెట్టిన కోడ్ ఫైల్లో) పైన భాష అనే వేరియబుల్, కింద సెటప్ ఫంక్షన్ ఉన్నాయి. రెండు చోట్ల ఇంపోర్ట్ చేసి, రెండు భాషలూ విడిగా ఇచ్చా. రేట్లు మారగానే రెండూ తెలుగైపోతున్నాయి. ఏం చెయ్యాలి?

గుణుపురం_గురూ: ఎన్ని చోట్ల ఇంపోర్ట్ చేసినా మాడ్యూల్ నడిచేది ఒక్కసారే. ఆ వేరియబుల్ ఒక్కటే, చివర ఎవరు రాస్తే వాళ్లదే. బోర్డుకి అచ్చులా ఒక క్లాస్ రాయి, బోర్డు పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌కి సెట్టింగులు పంపు, న్యూ అని రెండు బోర్డులు చేసుకో. క్లాస్ 2015 నుంచీ ఉన్నదే.

రాయగడ_రాతగాడు: క్లాస్ దేనికండీ? సెట్టింగులు తీసుకుని ఆబ్జెక్ట్ తిరిగిచ్చే ఫంక్షన్ చాలు. క్లాసులో మెథడ్‌ని (దాని లోపలి ఫంక్షన్‌ని) తీసుకెళ్లి బటన్ క్లిక్‌కి తగిలిస్తే, లోపల దిస్ (‘ఈ ఆబ్జెక్ట్’ అని చెప్పే మాట) అంటే బోర్డు కాదు, బటన్. దాంతో ఓ రాత్రంతా నాకు జాగారమే.

కోరాపుట్_కాఫీ: ఇంపోర్ట్ దారి చివర ప్రశ్నార్థకం పెట్టి ఒకదానికి 1, ఇంకోదానికి 2 అని రాస్తే వేర్వేరు మాడ్యూళ్లుగా లోడవుతాయిగా :)

గుణుపురం_గురూ: అవుతాయి, ఫైలూ రెండుసార్లు దిగుతుంది. రాతగాడు గారూ, దిస్ గొడవ, దాన్ని బోర్డుకే కట్టేసే బైండ్‌తో పోతుంది. మీ పద్ధతిలో ప్రతి బోర్డుకీ ఫంక్షన్లన్నీ కొత్తగా పుడతాయి. క్లాసులో అయితే బోర్డులన్నీ పంచుకునే ప్రోటోటైప్ మీద ఒక్కో ఫంక్షన్ ఒకటే ఉంటుంది.

రాయగడ_రాతగాడు: రెండు బోర్డులకి మెమరీ లెక్కలా! క్లోజర్‌లో, అంటే ఫంక్షన్ తన లోపలే దాచుకున్న వేరియబుళ్లలో, ఉన్నదాన్ని బయటివాడు ముట్టుకోలేడు, అది చూడండి.

గుణుపురం_గురూ: క్లాసులోనూ బయటివాడు ముట్టుకోలేని ప్రైవేట్ ఫీల్డులు, హ్యాష్ గుర్తుతో, జావాస్క్రిప్ట్ 2022 ప్రమాణంలోనే వచ్చాయి. పాత పాఠాలు పట్టుకుని వాదించకండి.

రాయగడ_రాతగాడు: పాత పాఠాలా? పోయిన నెల మీరు ఇక్కడ పెట్టిన నమూనా సంగతేటి? భాష ఇవ్వకపోతే తెలుగే అని రాశారు. దాన్నే ఒక మందుల కొట్టుకి పెట్టాను. వాళ్ల కుర్రాడు కొత్త పేజీ కలిపాడు, భాష ఇవ్వలేదు. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. ఒడియా వాళ్లు వచ్చి బోర్డు చదవలేక ఒక్కో మందు రేటూ కౌంటర్‌లో అడిగారు. తిట్లు నాకు.

గుణుపురం_గురూ: అలా చెప్పండి. మీ కోపం క్లాసు మీద కాదు, నా డిఫాల్ట్ మీద.

రాయగడ_రాతగాడు: అవును! మన వైపు ఏ భాషనీ డిఫాల్ట్ చెయ్యకూడదు. భాష రాకపోతే బోర్డు పుట్టేచోటే ఎర్రర్ విసరాలి.

గుణుపురం_గురూ: పొద్దున్నే కొట్టు తీసేసరికి ఖాళీ స్క్రీన్ ఉంటే ఓనర్‌కి ఎవరు జవాబు చెప్తారు? ఏదో ఒక బోర్డు ఉండడం నయం. మా వీధిలో బేరాలన్నీ తెలుగులోనే.

రాయగడ_రాతగాడు: మీ వీధిలో. ఖాళీ స్క్రీన్ చూస్తే వెంటనే ఫోన్ చేస్తారు. తప్పు భాష వారాల తరబడి అలాగే ఉండిపోతుంది.

జయపురం_జ్యోతి: బోర్డు గీసే డివ్‌కి (పేజీలో ఆ పెట్టెకి) భాష చెప్పే లాంగ్ అట్రిబ్యూట్ పెట్టి, అందులోంచి భాష తీసుకోవచ్చు కదా అన్నయ్యా?

గుణుపురం_గురూ: అదీ రాయకపోతే?

రాయగడ_రాతగాడు: నేనడిగేదీ అదే.

బరంపురం_బుల్లోడు: ఫంక్షన్‌తోనే రాశా, భాషలు విడిపోయాయి. కానీ ఒక బోర్డు రంగు మారిస్తే రెండోదీ మారుతోంది. డిఫాల్ట్ సెట్టింగుల్ని స్ప్రెడ్‌తో (మూడు చుక్కలతో) కాపీ చేశా, రంగులు దాని లోపలి ఆబ్జెక్ట్‌లో ఉన్నాయి.

రాయగడ_రాతగాడు: స్ప్రెడ్ పై పొరనే కాపీ చేస్తుంది తమ్ముడూ. లోపలి ఆబ్జెక్ట్ రెండిటికీ ఒకటే. డిఫాల్ట్‌ల మీద, లోపలి పొరలదాకా కాపీ చేసే స్ట్రక్చర్డ్‌క్లోన్ వాడు. అందులో ఫంక్షన్లు ఉంటే మాత్రం ఎర్రర్ కొడుతుంది.

గుణుపురం_గురూ: అయితే డిఫాల్ట్‌లు ఉండొచ్చన్నమాట!

రాయగడ_రాతగాడు: రంగుకండీ, రంగుకి!