పాత బొలెరో పికప్‌లో బయోడీజిల్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అన్నలకు నమస్కారం. మాది మదనపల్లె. బీఎస్-4 బొలెరో పికప్ ఉంది, టమోటా బాక్సులు వేసుకుని చెన్నై దాకా తిప్పుతుంటా. డీజిల్ పోగా బాడుగలో మిగిలేది అంతంతమాత్రమే. హోటళ్లలో వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్ దొరుకుతోందని తెలిసి, దానికి మారదామనుకుంటున్నా.

నేరుగా నూరు శాతం పోయకుండా, డీజిల్‌లో 20 శాతం కలిపి మొదలుపెట్టాలనేది నా ఆలోచన. పాత ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని ఇది కడిగేస్తుంది, అదంతా పోయి ఫిల్టర్‌లో పడుతుంది. అంటే మొదట్లో బండిలో స్పేర్ ఫిల్టర్ పెట్టుకునే తిరగాలన్నమాట. అది సరే, నా బెంగంతా రబ్బరు పైపుల మీద. మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు ఇప్పటికే వేలితో నొక్కితే మెత్తగా ఉంది, క్లిప్పు దగ్గర చెమ్మ కూడా. మామూలు రబ్బరు బయోడీజిల్‌కు ఉబ్బిపోతుంది కదా, దాన్ని తట్టుకునే విటాన్ రబ్బరు పైపులు చిత్తూరు, తిరుపతి వైపు ఎక్కడ దొరుకుతాయి? ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పంపు సీళ్లు కూడా మార్చాలా, 20 శాతానికి అక్కర్లేదా?

ఇంకోటి. పామాయిల్‌తో చేసిన బయోడీజిల్ చలికి తొందరగా గడ్డకడుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున మా ఊరి చలి సంగతి తెలిసిందే. అప్పుడు మళ్లీ ఉత్త డీజిల్‌కే వెళ్తారా?

ఐఎస్ 15607 (బయోడీజిల్ నాణ్యతకు మన దేశ ప్రమాణం) టెస్ట్ రిపోర్టు అడిగితే అమ్మేవాడు "అదంతా ఎందుకన్నా, పోసి చూడు" అంటున్నాడు. పోసి చూడ్డానికి బండిలో పంపు ఆయనది కాదు కదా! రిపోర్టు చేతికొస్తే నీళ్లు, తయారీలో మిగిలిపోయే మిథనాల్ కాకుండా ఇంకేం చూడాలో కూడా చెప్పండి.