విడిపోయిన తరువాత పిల్లలు ఎవరి దగ్గర, ఎన్ని రోజులు: పర్లాకిమిడి నుంచి ఒక సందేహం

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. నా భార్య పుట్టిల్లు ఆంధ్రాలోని టెక్కలి. మొన్నటి వేసవి సెలవుల్లో ఆమె పిల్లలిద్దరినీ తీసుకుని పుట్టింటికి వెళ్లి, ఇక తిరిగి రాదలచుకోలేదని కబురు పంపింది. తప్పొప్పుల సంగతి ఇక్కడ రాయను. అమ్మాయికి ఏడేళ్లు నిండాయి, ఇక్కడి ప్రభుత్వ ఒడియా బడిలో రెండో తరగతి పూర్తిచేసింది. బాబుకు నాలుగేళ్లు. ఈ మధ్య ఇరువైపుల పెద్దలు కూర్చుని, పిల్లవాడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి అని తేల్చి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించారు. నేను ఇంకా సంతకం పెట్టలేదు. ఈ కాగితం చెల్లుతుందా? కోర్టుకు వెళ్లవలసి వస్తే మా గజపతి జిల్లాలో వెయ్యాలా, వాళ్ల శ్రీకాకుళం జిల్లాలోనా? టెక్కలిలో ప్రభుత్వ బడిలో చేర్చడానికి అమ్మాయి టీసీ కావాలని అత్తవారు అడుగుతున్నారు. అది ఇస్తే పిల్లల మీద హక్కు వదులుకున్నట్టేనని మా బావ అంటున్నాడు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (గుణుపురం నుంచి)

అయ్యా, నేను వకీలును కాను. గుణుపురంలో ఒక ప్లీడరు గారి దగ్గర ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ని. నేను చెప్పేది దారి తెలియడానికి పనికివస్తుంది. దావా వేసే ముందు మాత్రం కాగితాలన్నీ న్యాయవాదికి చూపించుకోండి.

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పిల్లల విషయంలో పెద్దలు రాయించిన ఒడంబడిక కోర్టును కట్టడి చేయలేదు. తల్లీతండ్రీ ఇష్టపడి రాసుకున్నదైనా సరే, అది బిడ్డకు మేలు కాదని తోస్తే న్యాయమూర్తి పక్కన పెట్టగలరు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షను ప్రకారం మైనరు సంక్షేమమే అన్నిటికంటె ముందు చూడవలసిన విషయం. అదే చట్టం 6వ సెక్షనులో, అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఉంది. మీ పెద్దలు నాలుగేళ్లవాణ్ణి తల్లి దగ్గరనుంచే కాక అక్క దగ్గరనుంచి కూడా విడదీశారు. కొడుకు తండ్రికి, కూతురు తల్లికి అనే ఈ లెక్క పొలం గట్టు పంచుకున్నట్టుగా ఉంది, పిల్లలను పెంచే లెక్కలా లేదు. అన్నం తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు వాళ్లకు ఇప్పుడున్న తోడు ఒకరికొకరే. కాబట్టి ఇద్దరినీ ఒకచోటే ఉంచి, మీరూ ఆవిడా రోజులను పంచుకునే మార్గం చూడండి.

టీసీ వెంటనే ఇప్పించండి. అది పిల్ల చదువుకు సంబంధించిన కాగితం, దాన్ని ఇచ్చినంత మాత్రాన హక్కు పోదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షను ప్రకారం, పిల్ల మరో ప్రభుత్వ బడిలో చేరదలిస్తే పాత బడి ప్రధానోపాధ్యాయులు టీసీని వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. అంటే మీరు ఆపినా ఆమె చదువు ఆగదు. రేపు కోర్టులో మాత్రం, తండ్రి పంతానికి పోయి టీసీ తొక్కిపెట్టాడని అవతలి న్యాయవాది అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

ఇక ఎక్కడ వెయ్యాలనే ప్రశ్న. సరిహద్దులో ఉన్నవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షను ప్రకారం, మైనరు మామూలుగా నివసించే చోటి జిల్లా కోర్టుకే అధికారం ఉంటుంది. కుటుంబ న్యాయస్థానం ఉన్నచోట ఆ పని దానిది. పిల్లలు మొన్న మొన్నటిదాకా పర్లాకిమిడిలోనే పెరిగారు కాబట్టి మీరు గజపతి అనవచ్చు. ఇప్పుడు టెక్కలిలో ఉంటూ బడిలో కూడా చేరుతున్నారు కాబట్టి ఆవిడ శ్రీకాకుళం అనవచ్చు. రోజులు గడిచేకొద్దీ ఆవిడ మాటకే బలం పెరుగుతుంది. ఇది కాక, ఆవిడ విడాకులకు తన నివాసమున్న చోటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే కేసులో హిందూ వివాహ చట్టం 26వ సెక్షను కింద పిల్లల సంగతి కూడా అడగవచ్చు. రెండు రాష్ట్రాల్లో రెండు కేసులు పడితే, ఒకదాన్ని సరిహద్దు దాటించి మార్చే అధికారం సుప్రీంకోర్టుది. పూటలో వెళ్లి రాగలిగే టెక్కలి కోసం ఢిల్లీలో వకీలును పెట్టుకోవలసిన పరిస్థితి తెచ్చుకోకండి. నేను చూసినంతలో ఎవరు ముందు వేస్తారనే పందెంలోనే సగం సంసారాలు పూర్తిగా చెడ్డాయి.

ఇద్దరూ విడిపోవడానికే నిశ్చయించుకుంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద పరస్పర అంగీకార విడాకులు ఉన్నాయి. ఏడాదిపాటు వేరుగా ఉన్న తరువాతే ఆ దరఖాస్తు వేయాలి; వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది, తగిన సందర్భాల్లో దాన్ని కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల ఏర్పాటు అంతా అందులోనే షరతులుగా రాయించుకోవచ్చు. ఈలోగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి మధ్యవర్తిత్వం కోరండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ న్యాయసహాయం ఉచితం. ఫోను నంబరు 15100. మీ పెద్దలు తెలుగులో రాయించినదాన్ని గజపతి కోర్టులో చూపించాలంటే అనువాదం కూడా చేయించుకోవాలి, ఆ సంగతి గుర్తుంచుకోండి.

చివరగా డబ్బు. పిల్లలను చూపించడం లేదని పోషణ ఖర్చు ఆపకండి, డబ్బు రాలేదని ఆవిడ పిల్లలను చూపించకుండా ఉండకూడదు. రెండూ వేర్వేరు బాధ్యతలు. పోషణ ఖర్చు ఇప్పించే నిబంధనను పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను. ఎవరూ అడగకముందే ప్రతి నెలా బ్యాంకు ద్వారా పంపుతూ ఉండండి. చేతికిచ్చిన డబ్బుకు రుజువు ఉండదు.

సమాధానం (రాయగడ నుంచి)

అన్నయ్యగారూ, చట్టం సంగతి గుమాస్తాగారు చెప్పారు. నేను విడిపోయి ఆరేళ్లయింది; మా అబ్బాయి నా దగ్గర రాయగడలో ఉంటాడు, వాళ్ల నాన్నగారు విజయనగరంలో. నా అనుభవం చెబుతాను.

మా మొదటి ఒప్పందంలో ‘సెలవుల్లో బిడ్డను తండ్రి దగ్గరకు పంపవలెను’ అని ఒక్క వాక్యం ఉండేది. ఏ సెలవులు, ఏ రోజు, ఎవరు తీసుకువెళ్లాలి అనేవి రాయలేదు. మొదటి సంక్రాంతికే గొడవ అయింది. ఆంధ్రాలో సంక్రాంతికి బడులకు వారం పైగా సెలవులిస్తారు, మాకిక్కడ అన్ని రోజులు ఉండవు; ఆయన అక్కడి సెలవుల లెక్కన టికెట్లు తీశారు, నేను ఇక్కడి బడి లెక్కన బిడ్డను ఆపాను. స్టేషనులో మేమిద్దరం అరుచుకుంటుంటే వాడు సంచి భుజానికి తగిలించుకుని, బండి వెళ్లిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

తరువాత కూర్చుని రాసుకున్నదాన్ని ఆధారంగా చెబుతున్నాను. ఏ బడిలో చదువుతుంటే ఆ బడి సెలవుల పట్టికే లెక్క. మీ అమ్మాయి టెక్కలిలో చేరుతుంది కాబట్టి మీకు ఆంధ్రా పట్టిక వర్తిస్తుంది, దాని ప్రకారం ఒడియావాళ్ల రజో పండుగకు పిల్లలు మీ దగ్గర ఉండరు. అది జూన్ నడుమ వస్తుంది, అప్పటికి అక్కడ బడులు తెరుస్తారు. దానికి బదులు దసరా మీకు, సంక్రాంతి ఆవిడకు అని ఒక ఏడు, మరుసటి ఏడు తారుమారుగా అనుకోవచ్చు. ఎవరి వంతు మొదలవుతుందో వారే వచ్చి పిల్లలను తీసుకోవాలని మేము పెట్టుకున్నాం. పంపేవారు ఆలస్యం చేస్తున్నారనే అనుమానం దానితో చాలావరకు పోయింది. అప్పగింత ఇంటి గుమ్మంలో వద్దు. గుమ్మంలో అయితే ఇరుపక్షాల తాతలు, పిన్నులు కూడా మాట కలుపుతారు. గుణుపురం రైలు టెక్కలి, పాతపట్నం మీదుగానే మీ ఊరు వస్తుంది కదా. పాతపట్నం స్టేషను గాని, అక్కడి నీలమణి దుర్గ అమ్మవారి గుడి గాని అనువుగా ఉంటాయి.

బాబు చిన్నవాడు. వాడికి ఒకేసారి నెల రోజుల వేసవి సెలవులు రాయించుకోకండి. మొదట పగటిపూట, తరువాత అక్కతో కలిసి ఒక రాత్రి, ఆపైన రెండు రాత్రులు అని పెంచుకుంటూ రండి. ఏడాదికోసారి మార్చుకునే వీలుంచి రాయించండి. ఇంకొకటి: ఫోను. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్న తల్లిదండ్రుల్లో బిడ్డ తన దగ్గర లేనివారికి రోజూ అయిదు పది నిమిషాలు మాట్లాడే వీలుండాలని చెప్పింది. మేము రాత్రి ఎనిమిది గంటలకు పెట్టుకున్నాం. ఆ సమయంలో నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. మొదట్లో పక్కనే కూర్చుంటే వాడు నా ముఖం చూసి జవాబు చెప్పేవాడు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. టీసీ తీసుకుని నిన్న నేనే టెక్కలి వెళ్లి ఇచ్చి వచ్చాను. పిల్లలను గంటసేపు చూడనిచ్చారు. అమ్మాయి పలక తెచ్చి తన పేరు తెలుగులో రాసి చూపించింది. మూడో అక్షరం మాత్రం ఒడియాలో పడింది. రెండూ గుండ్రటి అక్షరాలే కదా, దానికే తేడా తెలియలేదు. పెద్దల కాగితం మీద సంతకం పెట్టనని చెప్పేశాను. ఒక అనుమానం మిగిలింది: కోర్టుకు వెళితే అమ్మాయిని ఎవరి దగ్గర ఉంటావని అడుగుతారా? ముందే ఏమైనా చెప్పి ఉంచాలా?

సమాధానం (గుణుపురం నుంచి)

అడగవచ్చు. ఇంత వయసు వస్తేనే అడగాలని చట్టంలో లేదు. 1890 చట్టం 17వ సెక్షను, ఆలోచించి ఇష్టం చెప్పగలిగే వయసు బిడ్డకు ఉంటే ఆ మాటను కోర్టు పరిగణించవచ్చని మాత్రమే అంటుంది. సాధారణంగా న్యాయమూర్తి తన గదిలోకి పిలిచి, మీరిద్దరూ లేకుండా మాట్లాడతారు. ఏమీ నేర్పకండి. నేర్పిన మాట పిల్ల నోట పెద్దవాళ్ల భాషలో వస్తుంది, న్యాయమూర్తులు ఇట్టే పట్టేస్తారు. మీ శ్రీమతి గారు మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంటే, వెళ్లేటప్పుడు ఆ బడి సెలవుల పట్టిక, రైలు వేళలు, ఇప్పటిదాకా డబ్బు పంపిన బ్యాంకు కాగితాలు, బాబు టీకాల కార్డు నకలు వెంట తీసుకువెళ్లండి.