అప్‌డేట్: 70 ఎంఎం ప్లేట్‌లో వెల్డ్ కింద పగుళ్లు - కారణం దొరికింది

ఆఫ్‌షోర్ జాకెట్ (సముద్రంలో ప్లాట్‌ఫామ్‌ని మోసే ఉక్కు చట్రం) నోడ్‌కి, అంటే దాని గొట్టాలు కలిసే చోట, T ఆకారపు జాయింట్ వెల్డ్ చేశాక, అల్ట్రాసోనిక్ టెస్ట్‌లో వెల్డ్ కింద ప్లేట్ లోపల పగుళ్లు కనిపిస్తున్నాయని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. "ముక్క కోసి చూడండి, పగుళ్లు మెట్లు మెట్లుగా ఉంటే లామెల్లార్ టేరింగే (ప్లేట్ లోపల పొరలుగా విడిపోవడం)" అన్నవారి మాటే నిజమైంది.

మెటలర్జిస్ట్ కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్‌లో చూపించారు. ప్లేట్‌లో గంధకం 0.02 శాతం దాకా ఉంది. అది మాంగనీస్ సల్ఫైడ్ రేణువులుగా ఉండి, రోలింగ్‌లో పుల్కాల్లా చదునైపోయింది. వెల్డ్ చల్లారి ముడుచుకునేటప్పుడు ప్లేట్‌ని మందం దిశలో లాగుతుంది కదా, ఆ పొరల దగ్గరే విడిపోయింది. విచిత్రం ఏంటంటే ప్లేట్ తయారుచేసిన మిల్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో బలం, ఇంపాక్ట్ (దెబ్బకి తట్టుకోవడం) అన్నీ పాసే! మందం దిశలో లాగి చూసే పరీక్ష మాత్రం అందులో లేదు.

ఈసారి జెడ్35 ప్లేట్ తెప్పించారు. అంటే మందం దిశలో లాగి తెంపితే, తెగిన చోట అడ్డుకోత వైశాల్యం సగటున కనీసం 35 శాతం తగ్గాలి. గంధకం 0.005 శాతం లోపు, కాల్షియం ట్రీట్‌మెంట్ (సల్ఫైడ్ రేణువులు రోలింగ్‌లో చదును కాకుండా కరిగిన ఉక్కులో కాల్షియం కలపడం) కూడా అడిగాం. పైగా ఇది కంట్రోల్డ్ రోలింగ్ (వేడిని అదుపులో పెట్టి రోల్ చేయడం) చేసి నీళ్లతో వేగంగా చల్లార్చిన రకం. కార్బన్ తక్కువ, బలం తగ్గదు, వెల్డర్లకి హాయి.

ఎలక్ట్రోడ్ బ్రాండ్ మార్చడం, ప్రీహీట్ (వెల్డ్‌కి ముందు ప్లేట్‌ని వేడిచేయడం) పెంచడం మా కేసులో పనికిరాలేదు. ఎలక్ట్రోడ్ రాడ్లు ఓవెన్‌లో ఆరబెట్టినవే, కాబట్టి తేమ నుంచి వెల్డ్‌లోకి చేరి పగుళ్లు తెచ్చే హైడ్రోజన్ సమస్య కాదు.

ఆలస్యంగా వచ్చే పగుళ్లు ఉన్నా బయటపడేలా, కొత్త జాయింట్లను 48 గంటలు ఆగి టెస్ట్ చేశారు. క్లీన్.