కీమో నడుస్తుండగా కర్క్యుమిన్ మాత్రలు ఇవ్వొచ్చా?

అమ్మకు రొమ్ము క్యాన్సర్. వారానికోసారి ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు, ఇప్పటికి నాలుగు అయ్యాయి. కాళ్ల వేళ్లలో తిమ్మిర్లు, విపరీతమైన నీరసం. అది చూడలేక బంధువు ఒకరు కర్క్యుమిన్ మాత్రలు తెచ్చిచ్చారు. "పసుపులోదే కదా, ఏమీ కాదు" అన్నారు. అమ్మకూ ఆశ పుట్టింది.

సీసా మీద చూస్తే అందులో పైపరిన్ కూడా ఉంది. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు కాబట్టి మిరియాల్లోని ఈ పదార్థాన్ని కలుపుతారు. నా టెన్షనంతా దీని గురించే. కాలేయంలో మందులను విడగొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమును పైపరిన్ అడ్డుకోగలదని చదివాను. ప్యాక్లిటాక్సెల్‌ను విడగొట్టడంలో ఆ ఎంజైముకూ పాత్ర ఉంది. మరి మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోయి తిమ్మిర్లు ఇంకా ముదురుతాయా? మొక్కలోది కాబట్టి ప్రమాదం లేదని నేను అనుకోలేను. ప్యాక్లిటాక్సెల్‌ను కూడా మొదట యూ చెట్టు బెరడు నుంచే తీశారు, విన్‌క్రిస్టిన్ అనే మరో కీమో మందు బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే.

డాక్టరు గారిని అడిగేదాకా మాత్రలు పక్కన పెట్టాను. ఈ పరిస్థితి దాటినవాళ్లు, ఫార్మసిస్టులు ఉంటే దయచేసి చెప్పండి. ఆయన్ని ఏమేం అడగాలి? కీమో రోజుకు ముందూ వెనకా ఆపితే చాలా, పూర్తిగా మానాలా? వద్దని చెప్పాల్సి వస్తే అమ్మ ఆశ చెదరకుండా ఎలా చెప్పాలి?